సూత్రాల్లో గ్రీకు అక్షరాలు

తెలుగు మాధ్యమంలో ఇంటర్ భౌతికశాస్త్రం చదివేవారికి తీటా, లామ్డా, ఒమేగా రోజూ ఎదురయ్యేవే. వాక్యం తెలుగులో నడుస్తుంటుంది, సూత్రం దగ్గరికి రాగానే గ్రీకు అక్షరం వచ్చి కూర్చుంటుంది. కోణానికి తీటా, తరంగదైర్ఘ్యానికి లామ్డా అని చేతికి అలవాటైపోతుంది. ఏ అక్షరం ఎందుకొచ్చిందో మాత్రం తరగతిలో చెప్పేవారు తక్కువ. చెబితే సూత్రాన్ని బట్టీ పట్టే బాధ కొంత తగ్గుతుంది.

పై సంగతే చూడండి. వృత్తం చుట్టుకొలతను చెప్పే గ్రీకు మాట పకారంతో మొదలవుతుంది, ఆ అక్షరమే పై. 17వ శతాబ్దపు ఇంగ్లండులో విలియం ఓట్రెడ్ చుట్టుకొలతకు పై, వ్యాసానికి డెల్టా గుర్తుగా పెట్టుకుని వాటి నిష్పత్తి రాశాడు. అంటే అప్పటికి పై ఒక సంఖ్య కాదు, వృత్తం పెద్దదైతే తానూ పెరిగే పొడవు. 1706లో వేల్స్‌కు చెందిన విలియం జోన్స్ ఆ నిష్పత్తి మొత్తానికీ పై ఒక్కటే పెట్టాడు. ఈ మార్పు చిన్నది కాదు. 3.14159 అంటూ ఎన్ని స్థానాలు రాసినా ఇంకా మిగిలే సంఖ్యను ఏ కోతా లేకుండా, ఒక్క అక్షరంలో పూర్తిగా రాయడం దానితో సాధ్యమైంది. తర్వాత ఆయిలర్ తన గ్రంథాల్లో వాడటంతో అది స్థిరపడింది.

మొత్తానికి పెద్ద సిగ్మాను గుర్తుగా తెచ్చిందీ ఆయిలరే, 1755లో. లాటిన్‌లో మొత్తాన్ని ‘సుమ్మా’ అంటారు, ఆ సకారానికి గ్రీకు జోడీ సిగ్మా. అంతకుముందే లైబ్నిజ్ అదే మాటలోని సకారాన్ని నిలువునా సాగదీసి సమాకలనానికి గుర్తు చేశాడు. విడివిడి పదాల కూడికకు ఒకటి, తెగకుండా సాగే కూడికకు మరొకటి: రెండూ ఒకే మాటకు పుట్టిన తోబుట్టువులు.

విద్యుత్ నిరోధానికి ప్రమాణం ఓమ్. రోమన్ ‘ఓ’ రాస్తే సున్నా అనుకుంటారు, అందుకే పెద్ద ఒమేగా. గ్రీకులోని ఒమిక్రాన్ అచ్చం రోమన్ ‘ఓ’లాగే ఉంటుంది, కాబట్టి సూత్రాల్లో దానికి చోటు దొరకడం అరుదు. రో, న్యూ అక్షరాలతోనూ తంటానే. తొందరలో రాస్తే రో రోమన్ ‘పీ’లా, న్యూ రోమన్ ‘వీ’లా కనిపిస్తాయి. నల్లబల్లపై వాటి వంపులు శ్రద్ధగా తిప్పే ఉపాధ్యాయుడు పిల్లలకు నిజంగా మేలు చేస్తున్నట్టే.

1899లో రూథర్‌ఫర్డ్ యురేనియం కిరణాల్లో రెండు రకాలు గుర్తించి, వరసలో మొదటి రెండక్షరాలూ ఇచ్చాడు. సులువుగా ఆగిపోయేవి ఆల్ఫా, ఇంకాస్త దూసుకెళ్లేవి బీటా. ఆల్ఫా హీలియం కేంద్రకమనీ, బీటా ఎలక్ట్రాననీ తేలాక కూడా ఆ పేర్లు పోలేదు.

1970ల్లో అమెరికాలో మార్టిన్ పెర్ల్ బృందం ఎలక్ట్రాన్, మ్యువాన్‌ల తర్వాత ఆ కోవలో మూడో కణాన్ని కనుగొంది. గ్రీకులో మూడోదాన్ని ‘ట్రిటాన్’ అంటారు. ఓట్రెడ్ పద్ధతిలోనే ఆ మాట తొలి అక్షరాన్ని తీసుకుని దానికి టౌ అని పేరు పెట్టారు.