అద్దంలో కనిపించనివాళ్లు

కోచింగ్ అనగానే మన ఇళ్లలో ఎంసెట్టో, గ్రూప్స్ పరీక్షలో గుర్తుకొస్తాయి. అమెరికాలో స్టార్టప్ కంపెనీలు పెట్టినవారి లోకంలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ కోచ్ పాఠం చెప్పడు. కంపెనీ స్థాపకుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి అతని భయాల గురించి, కోపం గురించి, బాల్యం గురించి అడుగుతాడు. తనను తాను తెలుసుకున్నవాడే మంచి నాయకుడవుతాడన్నది ఈ విద్య సారాంశం. దీనిలో ధ్యానం ఉంది, కరుణ ఉంది, బుద్ధుని పేరూ తరచుగా వినిపిస్తుంది. అందుచేత దీన్ని పరిశీలించవలసిన బాధ్యత బౌద్ధులమైన మన మీద ఉంది.

ఈ రంగంలో బాగా పేరున్నవాడు జెర్రీ కొలోనా. 2019లో 'రీబూట్', 2023లో 'రీయూనియన్' అనే పుస్తకాలు రాశాడు. ఆయన బౌద్ధుడు. కొలరాడోలోని నరోపా విశ్వవిద్యాలయ ధర్మకర్తల మండలికి అధ్యక్షుడిగా పనిచేశాడు. బ్రూక్లిన్‌లో కష్టాల ఇంట ఏడుగురు పిల్లల్లో ఒకడుగా పెరిగి, కొత్త కంపెనీల్లో పెట్టుబడులు పెట్టే వ్యాపారంలో చిన్న వయసులోనే బాగా సంపాదించాడు. ఆ సంపద మధ్యనే చనిపోవాలన్నంత నిరాశలో పడ్డాడు. ఆ దశలో పెమా చోడ్రన్ వంటి బౌద్ధ గురువుల రచనలు ఆయనకు ఆసరా అయ్యాయి. ఆ తర్వాత పెట్టుబడుల వృత్తి వదిలి కోచ్ అయ్యాడు.

ముందుగా 'రీబూట్' లోని మంచిని చెప్పాలి. డబ్బు లోపలి వెలితిని పూడ్చదని డబ్బు చూసినవాడే చెప్పడం చిన్న విషయం కాదు. ఆయన స్థాపకులను అడిగే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. ఏ పరిస్థితులు నాకొద్దని నేను వాపోతున్నానో, అవి ఏర్పడటంలో నా చేయి ఎంత? ఇది మంచి ప్రశ్న. తప్పంతా మార్కెట్‌దనీ, ఉద్యోగులదనీ తప్పించుకునేవాణ్ణి ఇది నిలబెట్టి అడుగుతుంది.

అయితే ఆ ప్రశ్నకు జవాబు చెప్పేదెవరు? స్థాపకుడే. వినేదెవరు? డబ్బు తీసుకున్న కోచ్. తలుపులు మూసిన గది, గోప్యత హామీ. ఆ స్థాపకుడి కోపానికి బలైన గుమాస్తా గానీ, ఒక్క ఈమెయిల్‌తో ఉద్యోగం పోయిన ఇంజనీరు గానీ, ఆఫీసు మరుగుదొడ్లు కడిగే కాంట్రాక్టు మనిషి గానీ ఆ గదిలో ఉండరు. తన వ్యాజ్యంలో తానే న్యాయమూర్తిగా కూర్చోకూడదన్నది న్యాయశాస్త్రంలో మొదటి పాఠాల్లో ఒకటి. మనిషి ఎంత నిజాయితీపరుడన్నది అక్కడ లెక్కలోకి రాదు. రెండో పక్షం వాదన వినకుండా తీర్పు ఇవ్వకూడదు, అంతే. ఈ కోచింగ్ లోపం సరిగ్గా ఇక్కడే ఉంది.

బుద్ధుడు చూపిన ఆత్మపరిశీలన ఇలా ఉండదు. అంబలట్ఠిక రాహులోవాద సుత్తంలో ఆయన రాహులునికి అద్దం ఉపమానం చెబుతాడు. పని చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక, అది తనకు గానీ ఇతరులకు గానీ హాని చేస్తుందా అని చూసుకోమంటాడు. హాని జరిగిందని తేలితే దాన్ని గురువు ముందో, వివేకులైన తోటివారి ముందో బయటపెట్టమంటాడు. అంటే ఆ అద్దంలో మన ముఖంతో పాటు ఎదుటివాడి గాయం కూడా కనిపించాలి.

సంఘం ఇంకో అడుగు ముందుకు వేసింది. వర్షావాసం ముగిసిన రోజున జరిగే పవారణలో ప్రతి భిక్ఖువూ తోటివారిని అడుగుతాడు: నాలో మీరు చూసిన, విన్న, అనుమానించిన దోషం ఏదైనా ఉంటే దయతో చెప్పండి. సంయుత్త నికాయం ప్రకారం బుద్ధుడు తానే సంఘం ముందు ఇలా అడిగాడు. సంఘాన్ని స్థాపించినవాడు, తాను స్థాపించిన సంఘం ముందు! ఇంతకు మించిన స్థాపకుల శిక్షణ మేమెరుగం.

అసలు బాబాసాహెబ్ అడిగిన ప్రశ్నే ఇది. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథానికి రాసిన పరిచయంలో, భిక్ఖువును తయారుచేయడంలో బుద్ధుని ఉద్దేశం ఏమిటని ఆయన ప్రశ్నించారు. పరిపూర్ణ మానవుణ్ణి తయారుచేయడమా, ప్రజాసేవకుణ్ణి తయారుచేయడమా? కేవలం తన పరిపూర్ణత చూసుకునే భిక్ఖువు స్వార్థపరుడవుతాడని తేల్చారు. ఒంటరిగా ఉన్న మనిషికి ధమ్మంతో పనిలేదని, ఇద్దరున్నచోటే దాని అవసరం వస్తుందని కూడా వివరించారు. కోచింగ్ గదిలో జరిగేదాన్ని ఈ కొలతతో కొలవాలి.

'రీయూనియన్' లో కొలోనా ఈ దిశగా కదిలాడు. ఆత్మపరిశీలన ఒక్కటే చాలదని, నాయకులు తమ కుటుంబాల, పూర్వీకుల చరిత్రను, ఎవరిని వెలివేశారన్న సంగతిని చూసుకోవాలని రాశాడు. నాలుగేళ్లలో ఒక రచయిత తన సిద్ధాంతాన్ని తానే దాటడం గౌరవించదగినది. కానీ ఆయన వెతికే పరిష్కారం 'మనవాళ్లం' అన్న భావన. మా పెద్దలను ఊరి చెరువు దగ్గరికి రానివ్వనప్పుడు వారికి కావలసింది ఆ భావన కాదు, నీళ్లు తాగే హక్కు. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగి నిలబెట్టింది ఆ హక్కునే. ఆత్మీయత యజమాని దయ మీద ఆధారపడుతుంది, హక్కు ఆధారపడదు.

ఈ తేడా పుస్తకాల్లోని తేడా మాత్రమే కాదు. గూగుల్ సంస్థలో 2007 నుండే 'సెర్చ్ ఇన్‌సైడ్ యువర్‌సెల్ఫ్' పేరుతో ధ్యాన శిక్షణ నడిచింది. అదే సంస్థలో 2022 ఏప్రిల్‌లో తేన్‌మొళి సౌందరరాజన్ కులవివక్ష గురించి చేయవలసిన ప్రసంగం, కొందరు ఉద్యోగుల అభ్యంతరాల తర్వాత రద్దయింది. లోపలికి చూసుకోవడం నేర్పిన చోట, పక్క కుర్చీలోని దళితుడి మాట వినడానికి చోటు దొరకలేదు. ఆ ఏటికి ఆ శిక్షణ వయసు పదిహేనేళ్లు.

వ్యాపారం చేసేవాడికి ధమ్మం తగదని మేము అనడం లేదు. బుద్ధునికి తొలి ఉపాసకులు తపుస్సుడు, భల్లికుడు అనే వర్తకులే. మన అమరావతి స్తూపం దాతల శాసనాల్లో విధికుడనే చర్మకారుని పేరు కూడా చెక్కి ఉంది. వ్యాపారికి బుద్ధుడు ఏం చెప్పాడన్నదే ప్రశ్న. సిగాలోవాద సుత్తంలో యజమానికి ఐదు విధులున్నాయి: శక్తికి తగిన పని ఇవ్వాలి, తిండీ జీతమూ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, మంచి పదార్థాలు దొరికితే పంచుకోవాలి, తగిన వేళ సెలవు ఇవ్వాలి. వీటిలో ఒక్కటి కూడా కళ్లు మూసుకుని చేసేది కాదు. అన్నీ పనివాడు లెక్కపెట్టి చూడగలిగినవే.

బాబాసాహెబ్ 1942 నుండి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. కర్మాగారాల్లో వారానికి 48 గంటల పని పరిమితి ఆ కృషి ఫలమే. 2023లో రాజస్థాన్ గిగ్ కార్మికుల కోసం చట్టం చేసిందంటే, ఏ యాప్ యజమానికో జ్ఞానోదయమై కాదు, కార్మికులు సంఘం కట్టి అడిగారు కనుక. శీలం లేని సమాధి వ్యాపారానికి పనికొస్తుందేమో గానీ, ధమ్మం అనిపించుకోదు.

కాబట్టి మా సూచన ఇది. ధ్యానం చేసే స్థాపకులు చేయనివ్వండి, కోచ్ దగ్గరికి వెళ్లేవారు వెళ్లనివ్వండి. కానీ ఏడాదికొకసారి పవారణ జరపాలి. ఇంజనీర్లతో పాటు డెలివరీ కుర్రాళ్లు, కాపలావాళ్లు, ఊడ్చేవాళ్లు కూర్చోవాలి. మాట్లాడినవాడి ఉద్యోగానికి రాతపూర్వక రక్షణ ఉండాలి. సిగాలునికి చెప్పిన ఐదు విధుల్లో ఏది జరిగిందో, ఏది జరగలేదో వారే చెప్పాలి.

ఇది అమెరికా సంగతే అని పక్కన పెట్టవద్దు. ఇప్పుడు మన పిల్లలు కూడా కంపెనీలు పెడుతున్నారు. వారికి మొదటి రోజునే ఈ అలవాటు నేర్పుదాం. మన విహారాల కమిటీలు, మన సంఘాల అధ్యక్షులు కూడా ఆ వరుసలోనే కూర్చోవాలి. ఎదుటివారిని దోషం చెప్పమని అడిగే ధైర్యం మనకు లేకపోతే, యజమానులను అడగమనే అర్హత కూడా మనకు ఉండదు.

జై భీమ్. నమో బుద్ధాయ.