హైదరాబాదు పేరున్న ఫోల్డరు

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు ఫైలు తెరవడం మొదటి వారంలోనే వస్తుంది. పాత్ గురించి మాత్రం వాళ్లకు విడిగా ఎవరూ చెప్పరు. ఫోల్డరు పేరు, ఒక గీత, ఫైలు పేరు: మూడింటినీ ప్లస్ గుర్తుతో అతికిస్తే సరిపోతుందనుకుంటారు. ఉత్తరం మీది చిరునామాలో ఊరు, వీధి, ఇంటి నెంబరు దేని పని అది చేసినట్టే పాత్‌లోనూ ఒక్కో ముక్కకు ఒక్కో పని ఉంది. దాన్ని వట్టి స్ట్రింగ్‌గా చూసే అలవాటు మొదట్లోనే మానిపించాలన్నది నా గట్టి అభిప్రాయం.

ముందు ఆ గీత సంగతి. 1981లో వచ్చిన మొదటి డాస్‌లో ఫోల్డర్లే లేవు. కమాండ్లకు ఆప్షన్లు ఇవ్వడానికి మాత్రం ముందువాలు స్లాష్ వాడేవారు. 1983లో రెండో వెర్షన్‌తో యూనిక్స్ తరహా డైరెక్టరీలు వచ్చేసరికి ఆ గుర్తు ఖాళీగా లేదు. అలా వెనక్కి వాలిన స్లాష్ విండోస్‌కు వారసత్వంగా దక్కింది. సి భాషలోనూ, ఆ బాటలో నడిచిన పైథాన్‌లోనూ అదే గుర్తుకు వేరే పని ఉంది: దాని పక్కన ఎన్ అక్షరం ఉంటే కొత్త లైను, టి ఉంటే ట్యాబ్. ఇంగ్లిష్ అక్షరాల్లో ‘న్యూ’ అనే ఫోల్డరుకు, ‘టెంప్’ అనే ఫోల్డరుకు విండోస్ పాత్ మామూలు కొటేషన్లలో రాస్తే ఏమవుతుందో ఊహించండి. కళ్లకు పాత్ సరిగ్గానే కనిపిస్తుంది, ఫైలు మాత్రం దొరకదు.

ఈ చిక్కులకు పైథాన్‌లో మంచి జవాబు 2014లో వచ్చింది. ఆంత్వాన్ పిత్రూ ప్రతిపాదించిన పాత్‌లిబ్ అనే లైబ్రరీ పైథాన్ 3.4 వెర్షన్‌తో కలిసింది. అందులో పాత్ ఒక వస్తువు. తల్లి ఫోల్డరు ఏది, పేరేమిటి, చివరి ఎక్స్‌టెన్షన్ ఏమిటి అని దాన్నే అడగవచ్చు. రెండు ముక్కలను కలపడానికి భాగహారం గుర్తునే వాడతారు. కోడ్ కూడా పాత్ లాగే కనిపిస్తుంది. మొదట్లో పాత ఫంక్షన్లు దీన్ని ఒప్పుకోకపోవడంతో జనం మళ్లీ స్ట్రింగ్‌గా మార్చి పంపేవారు. 2016లో వచ్చిన 3.6తో ఆ బెడద పోయింది. రస్ట్ భాష పాత్‌కు మామూలు స్ట్రింగ్ కాని సొంత టైపు ఇచ్చింది. నాకు అది ఇంకా నచ్చుతుంది.

భద్రత విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. వాడుకరి అడిగిన ఫైలు ‘రవి’ ఫోల్డరులోనే ఉందా అని పాత్ మొదటి అక్షరాలు పోల్చి చూస్తే, పక్కనే ఉన్న ‘రవికుమార్’ ఫోల్డరు కూడా పాసైపోతుంది. పైగా చుక్కలతో పైకి ఎక్కి బయటపడే పాత్‌లు ఉండనే ఉన్నాయి. ముందు పాత్‌ను పూర్తిగా విప్పి, ఆ తర్వాత ముక్కముక్కగా పోల్చాలి. దానికి కావలసిన ఫంక్షన్ పైథాన్ 3.9 నుంచి సిద్ధంగా ఉంది.

ఇంతవరకూ ఏ భాషవాళ్లకైనా ఒకటే. మన లిపిలో పేర్లు పెట్టేవాళ్లకు ఇక్కడి నుంచే అసలు పని మొదలవుతుంది.

‘హైదరాబాదు’ అనే ఫోల్డరు తీసుకోండి. యూనికోడ్‌లో ‘హై’ మీది ఐత్వాన్ని రెండు రకాలుగా రాయవచ్చు. ఒకే గుర్తుగా ఒక పద్ధతి, ఎత్వం పెట్టి దాని కింద ఐత్వపు తోకను విడిగా చేర్చడం ఇంకో పద్ధతి. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. ఆపిల్ పాత ఫైల్ సిస్టమ్ పేర్లను ఇలా విడగొట్టి దాచేది. ఆ డిస్కు మీది ఫోల్డరును లినక్స్ సర్వర్‌కు ఎక్కించి, కీబోర్డు మీద టైపు చేసిన ‘హైదరాబాదు’తో వెతికితే అలాంటిదేదీ లేదంటుంది. లినక్స్‌కు పేరంటే బైట్ల వరుస, అంతే. అదే చోట, చూడటానికి అచ్చం అలాగే ఉండే పేరుతో ఇంకో ఫోల్డరు కూడా పెట్టవచ్చు. ‘ఫైలు’ అనే మాటదీ ఇదే కథ. పాత్‌లిబ్ కూడా ఇక్కడ అడ్డుపడదు, రెండు పేర్లనూ వేరువేరుగానే చూస్తుంది.

పొడవు సంగతి చూడండి. లినక్స్‌లో సాధారణంగా ఒక పేరుకు 255 బైట్ల వరకే చోటుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. అంటే 85 గుర్తులు. అందులోనూ ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి: ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి ఆరు గుర్తులు, 18 బైట్లు. విండోస్ మాత్రం గుర్తుకు ఒకటి చొప్పున లెక్కిస్తుంది కాబట్టి 255 వరకూ ఒప్పుకుంటుంది. అక్కడ పొడుగాటి వార్తా శీర్షికనే పేరుగా పెట్టి జిప్ చేసిన ఫైలు లినక్స్‌లో విప్పబోతే పేరు మరీ పొడుగని తిరగ్గొడుతుంది. పేరు కత్తిరించాల్సి వస్తే బైట్ల దగ్గర తెంచకూడదు, గుర్తుల దగ్గర తెంచినా ఒత్తు ఊడిపోవచ్చు. పూర్తి అక్షరం చూసుకుని తెంచాలి.

నేను పాటించే పద్ధతి ఇది. కొత్త పేరు లోపలికి వచ్చేటప్పుడే యూనికోడ్ కలిపిన రూపంలోకి మార్చి దాచుతాను. పోలికలన్నీ ఆ రూపంలోనే చేస్తాను. డిస్కు మీద ఉన్న ఫైలును తెరవడానికి మాత్రం డిస్కు ఇచ్చిన పేరునే, ఒక్క బైటూ కదపకుండా వాడతాను. అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఒకటి మిగులుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని టైపు చేసినప్పుడు మధ్యలో అది ఉంటే ఒక ఫైలు, లేకపోతే మరో ఫైలు, కలిపిన రూపంలోకి మార్చినా అది పోదు. వెతికేటప్పుడు దాన్ని పక్కన పెట్టి పోలుస్తాను, పేరులోంచి మాత్రం తీసేయను. తీసేస్తే ఫకారం కింద టకారంతో పాటు వకారం కూడా ఒత్తుగా చేరి ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది, ఆ పేరు పెట్టిన మనిషి రాసింది అది కాదు.