కెమెరా వెనక ఎంతమంది?

పెళ్లి వీడియో మాట్లాడుకోవడానికి వచ్చిన పెద్దలు మా ఎలమంచిలిలో ముందు రేటు అడగరు. "పెద్ద కెమెరా వస్తాదా బాబూ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నను నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. అప్పో సొప్పో చేసి పందిరి వేసిన మనిషి, నలుగురి కళ్లకూ ఆనే వస్తువునే కోరుకుంటాడు. భుజం మీద కెమెరా, పక్కన లైటు పట్టుకున్న కుర్రాడు, వాళ్ల వెనక వైరు చుట్టుకుంటూ ఇంకొకడు ఉంటేనే వీడియో తీసినట్టు. చాలా ఏళ్లు లెక్క అదే.

ఆ భుజం కెమెరాల లోపల ఏముండేదో చూద్దాం. సోనీ ఎంసీ 2500 అనే మోడల్ మన పెళ్లిపందిళ్లలో బాగా తిరిగింది. చూడ్డానికి టీవీ చానల్ కెమెరాకు తీసిపోదు. లోపలి సెన్సర్ మాత్రం పావు అంగుళం రకం, వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఈ రోజు ఒక చేత్తో పట్టుకుని తిరిగే సోనీ ఎఫ్ఎక్స్3 లోపల ఉన్నది ఫుల్ ఫ్రేమ్ సెన్సర్, సుమారు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. వైశాల్యంలో 80 రెట్లకు పైగా పెద్దది. అర్ధరాత్రి దాటాక ముహూర్తం, జీలకర్ర బెల్లం పెట్టే వేళ. అప్పుడు ఆ భుజం కెమెరాకు పెళ్లికూతురి ముఖం మీద లైటు కొట్టాల్సిందే. ఈ చిన్నదానికి పందిట్లో వెలిగే దీపాలు చాలు. బయటి పెట్టె కొలతకీ లోపలి బొమ్మ నాణ్యతకీ ఉందనుకున్న సంబంధం అంతటితో తెగిపోయింది.

అందుకని చిన్నదే మేలని తేల్చెయ్యను. నేను రెండూ వాడతాను. చిన్నది, అంటే ఎఫ్ఎక్స్3, నా సొంతం. పెద్దది సోనీ ఎఫ్ఎక్స్6, అవసరమైనప్పుడు విశాఖ నుంచి అద్దెకు తెచ్చుకుంటాను. ఏ పనికి ఏది అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను చూసేది ఒకటే: ఈ పనిలో కెమెరా వెనక ఎంతమంది నిలబడతారు? ముందున్న మనిషి అంతమందిని భరించగలడా?

బొమ్మ విషయంలో ఈ రెంటికీ తగువే లేదు. ఎఫ్ఎక్స్6 2020 చివర్లో వచ్చింది, ఎఫ్ఎక్స్3 2021 ఫిబ్రవరిలో. రెండూ ఫుల్ ఫ్రేమే, రెంటికీ ఒకే రకం లెన్సులు పడతాయి. ఎస్-లాగ్3 అనే రికార్డింగ్ పద్ధతిలో రెంటి మూల ఐఎస్ఓలూ 800, 12,800. రంగు రెండూ 10 బిట్, 4:2:2లోనే రాసుకుంటాయి. ఒకే వేళ, ఒకే లెన్సుతో తీసి పక్కపక్కన పెడితే ఏది దేనిదో చూసేవాళ్లు చెప్పలేరు. ఎక్స్ఎల్ఆర్ మైకు పెట్టుకునే రంధ్రాలు కూడా రెంటికీ ఉన్నాయి, చిన్నదానికి పైన బిగించే హ్యాండిల్‌లో, పెద్దదానికి బాడీలోనే. తేడా అంతా శరీరంలో ఉంది. చిన్నది బ్యాటరీ, కార్డుతో కలిపి 715 గ్రాములు. లోపల సెన్సరే కదిలి చేతి వణుకును సర్దుతుంది. పెద్దది ఒట్టి బాడీయే 890 గ్రాములు. వణుకును సర్దే సెన్సర్ అందులో లేదు. దాని బదులు లోపలే వెలుగు తగ్గించే ఎన్డీ ఫిల్టర్, ఎస్‌డీఐ, టైమ్‌కోడ్ కనెక్టర్లు, పెద్ద బ్యాటరీ, చూడకుండా వేలితో తడిమి నొక్కగల బటన్లు ఉన్నాయి. మానిటర్, మ్యాట్‌బాక్స్, ఫాలో ఫోకస్ బిగించాక అది ఒక మనిషి పని కాదు.

ఈ తేడా నాకు బాగా తెలిసిన చోటు ఏటికొప్పాక. మా మండలంలోదే, వరాహ నది ఒడ్డున. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవానికి మన రాష్ట్ర శకటం మీద ఈ బొమ్మలే ఢిల్లీ వీధిలో నడిచాయి. అప్పటి నుంచి చిన్న వీడియోలు కావాలని అడిగేవాళ్లు పెరిగారు. వాళ్లలో చాలామందికి గ్రాఫిక్స్, డ్రోన్ షాట్లు కావాలి. నాకు కావలసింది పనివాడి చెయ్యి.

ఆ పని ఎలా జరుగుతుందో చెప్పాలి. అంకుడు కర్ర మెత్తనిది. బాగా ఆరిన ముక్కను లేత్‌కు బిగించి, ఉలితో రూపం తీస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనించి నొక్కుతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. నిప్పు లేదు, కుంచె లేదు. వేగం, ఒత్తిడి, చెయ్యి జరిగే తీరు, ఈ మూడే. చెయ్యి ఒక్క క్షణం తడబడితే రంగు ఒకచోట ముద్ద కడుతుంది, పక్కన పలచబడుతుంది. చివర్న మొగలి ఆకుతో రుద్దితే నిగారింపు వస్తుంది. ఇంత పనీ జరిగేది తలుపులోంచి వచ్చే వెలుతురులో, ఇద్దరు కూర్చుంటే మూడోవాడికి చోటు లేని గదిలో.

ఆ గదిలోకి పెద్ద సెటప్ తీసుకెళ్తే ఏమవుతుందో చూశాను. మ్యాట్‌బాక్స్ తగిలించిన కెమెరా, ఫోకస్ లాగే కుర్రాడు, బూమ్ పట్టుకున్నవాడు, గుమ్మంలో లైటు. లేత్ దగ్గర పనిచేస్తున్న పెద్దాయన లేచి కండువా సర్దుకుని మళ్లీ కూర్చున్నారు. అప్పటిదాకా పాట పాడుకుంటున్నట్టు సాగిన చెయ్యి, మాకు చూపించడం కోసం నిదానించింది. "అదేటి బాబూ, ఆ గొట్టం నా మీదకి పెట్టీసి ఊరుకుంటే చెయ్యాడదు" అన్నారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. చెయ్యి ఆడకపోతే లక్క పట్టదు. అంటే కెమెరా సైజు అక్కడ తీసే విధానాన్నే కాదు, తీస్తున్న వస్తువునే మార్చేస్తోంది. చిన్న కెమెరాతో వెళ్లి, ఆయన పక్కనే నేల మీద కూర్చుని, మోకాలి మీద ఆనించుకుని తీసినప్పుడు మాత్రం ఆయన కాసేపటికి నన్ను మరిచిపోయి, మనవడిని కేకేసి టీ తెమ్మన్నారు. నాకు కావలసిన చెయ్యి అప్పుడు దొరికింది.

ఇక్కడ చిన్న సాంకేతిక విషయం కూడా చెప్పాలి, కొత్తవాళ్లకు పనికొస్తుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, అంటే ట్యూబులైటు సెకనుకు వందసార్లు ఎక్కి దిగుతుంది. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే బొమ్మ నిలకడగా ఉంటుంది. లక్క కడ్డీ కరిగే క్షణాన్ని స్లోమోషన్‌లో తీద్దామని 120 ఫ్రేములు పెడితే గోడల మీద చారలు పరిగెడతాయి. 100 ఫ్రేములు, 1/100 షట్టర్ పెడితే రావు. పసుపుతో చేసిన పచ్చ, జాఫ్రా గింజల నారింజ లాంటి రంగులు గుండ్రటి మెరుపు మీద నెమ్మదిగా మారతాయి. 8 బిట్‌లో అక్కడ మెట్లు మెట్లుగా విరుగుతాయి. అందుకే ఆ బొమ్మలు 10 బిట్‌లో తప్ప తియ్యను. ఇవన్నీ చిన్న కెమెరాతోనే అయ్యే పనులు.

ఇక పుడిమడక తీరానికి రండి. మధ్యాహ్నం ఇసుక మీద వలలు ఆరబెట్టి, పడవలు దించుతున్న మత్స్యకారులను తీస్తున్నామనుకుందాం. కెమెరా మూల ఐఎస్ఓ 800. షట్టర్ 1/50. ఆ ఎండకు సరైన ఎక్స్‌పోజర్ రావాలంటే లెన్సు ఎఫ్ 64 దాకా మూయాలి. మన లెన్సులు అంతవరకు మూసుకోవు. ఎఫ్ 5.6లో తీయాలంటే 7 స్టాపుల వెలుగును ఆపాలి. ఎఫ్ఎక్స్6 లోపలి ఎలక్ట్రానిక్ ఎన్డీ సరిగ్గా అక్కడిదాకా వెళ్తుంది, 1/4 నుంచి 1/128 వరకు. ఒక చిన్న చక్రం తిప్పితే చాలు. చిన్నదానికి లెన్సు ముందు ఫిల్టర్ బిగించాలి. లెన్సు మార్చినప్పుడల్లా ఫిల్టర్ విప్పాలి, ఉప్పు తుంపర తుడవాలి, ఇసుక పడకుండా ఒళ్లో పెట్టుకుని మళ్లీ బిగించాలి. ఈలోగా పడవ అలను దాటేసి ఉంటుంది. తిప్పే వేరియబుల్ ఎన్డీ వాడితే వైడ్ లెన్సులో ఆకాశం మీద అడ్డంగా నల్లటి నీడ పడే ప్రమాదం ఉంది. పుడిమడకలో జనం మన కెమెరాను పట్టించుకోరు, వాళ్ల పని వాళ్లది. చోటుకు కొదవ లేదు, మనుషులు మొహమాటపడరు, వెలుగు మాత్రం మన మాట వినదు. అక్కడ నా ఓటు పెద్దదానికే.

ఉక్కు కొలిమి దగ్గర కూడా అంతే. విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. అలాంటి చోట కరిగిన ఇనుము కాలువలోకి వదిలే ముందు నేలంతా చీకటి, వదిలాక కళ్లు మూసుకునేంత వెలుగు. లెన్సు అపర్చర్ తిప్పి సర్దితే బొమ్మలో లోతు మారిపోతుంది, చూసేవాడికి చెయ్యి తెలిసిపోతుంది. ఎన్డీని నెమ్మదిగా పెంచుకుంటూ పోతే ఆ మార్పు కంటికి తెలియదు. ఎలాగూ భద్రతా సిబ్బంది గీసిన గీత వెనకే నిలబడాలి, పొడవైన లెన్సు, ట్రైపాడ్ ఉండాలి. చేతికి గ్లవ్స్, నెత్తిన హెల్మెట్. దూరంగా నిలబడి మానిటర్ చూసే డైరెక్టర్‌కు కేబుల్ వెళ్లాలి. ఎస్‌డీఐ అయితే తిప్పి బిగుస్తుంది, హెచ్‌డీఎంఐ కాలు తగిలితే ఊడుతుంది. ముగ్గురం ఉంటాం కాబట్టి ముగ్గురి కెమెరాయే కావాలి.

చిన్నది, పెద్దది అన్న ఈ తగువు నిన్న పుట్టింది కాదు. స్టూడియో రోజుల్లో మిచెల్ కెమెరా రాజు. చప్పుడు బయటికి రాకుండా మందపాటి తొడుగు, ఎత్తడానికి నలుగురు. 1937లో జర్మనీలో ఏరీఫ్లెక్స్ 35 వచ్చింది. తిరిగే అద్దం వల్ల కెమెరామన్ లెన్సులోంచే చూడగలిగాడు, చేత్తో పట్టుకుని నడవగలిగాడు. దాని వారసుడు ఏరీ 2సీ మన దక్షిణాది సినిమాలకు ఏళ్లపాటు పనిచేసింది. అయితే అది గరగరా శబ్దం చేసేది, మాటలు తర్వాత థియేటర్లో డబ్బింగ్ చెప్పాల్సి వచ్చేది. బొమ్మ వీధిలోకి వచ్చింది, గొంతు స్టూడియోలోనే ఉండిపోయింది. దీన్ని నేను చాలా పెద్ద నష్టంగా లెక్కిస్తాను. అందుకే 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' నాకు అంత దగ్గరైంది. విశాఖ కంచరపాలెం జనమే నటులు, వాళ్ల గొంతులు అక్కడికక్కడే రికార్డు చేసినవి. నటన వృత్తి కానివాళ్లు కెమెరా ముందు అంత తేలిగ్గా మసలారంటే, ఆ బృందం వాళ్ల మధ్య ఎలా నిలబడిందో ఊహించుకోవచ్చు.

అంతకుముందే, 2011లో రాంగోపాల్ వర్మ 'దొంగల ముఠా'ను కానన్ 5డీ స్టిల్ కెమెరాలతో, 5 రోజుల్లో తీశారు. అప్పటికి మా ఊరి ఫొటో స్టూడియోల్లో ఉన్నదీ దాదాపు అలాంటి కెమెరాయే. రవితేజ సినిమా మన చేతిలో ఉన్న వస్తువుతో తీశారంట అన్న మాట కుర్రాళ్లలో ఎంత ధైర్యం నింపిందో నాకు గుర్తుంది. ఆ సినిమా ఎలా ఉందన్నది వేరే చర్చ. చిన్న బృందంతో తీయవచ్చని చూపించడం దాని మేలు. 2023లో గారెత్ ఎడ్వర్డ్స్ 'ది క్రియేటర్'ను ఎఫ్ఎక్స్3తో తీశారు, కెమెరా చాలాచోట్ల తానే పట్టుకున్నారు. సుమారు 8 కోట్ల డాలర్ల సినిమా అది. దాన్ని చూపించి "చూశారా, చిన్న కెమెరా చాలు" అనేవాళ్లకు నేను చెప్పేదేమిటంటే, ఆయన కెమెరా మీద పాతకాలపు కోవా ఎనామార్ఫిక్ లెన్సు, పక్కన విడిగా రికార్డర్, వెనక హాలీవుడ్ గ్రాఫిక్స్ సంస్థ ఉన్నాయి. ఆయన డబ్బు మిగుల్చుకోవడానికి చిన్నది పట్టలేదు. అడవుల్లో, పల్లెల్లో తక్కువమందితో, నటుల దగ్గరగా తిరగడానికి పట్టారు. ఆ కారణం ఏటికొప్పాక గదికీ సరిపోతుంది.

పెళ్లి దగ్గరికే మళ్లీ వస్తాను, మాకు అన్నం పెట్టేది అదే కాబట్టి. మండపం ఎదురుగా ట్రైపాడ్ మీద పెద్దది పెట్టుకుంటే మంగళసూత్రం నుంచి తలంబ్రాల వరకు బ్యాటరీ మార్చకుండా, ఒక్క మంత్రం తెగకుండా తీసుకుపోవచ్చు. మా వృత్తిలో ట్రెడిషనల్ అనేది ఆ పని. పెళ్లికూతురి గదిలో అమ్మమ్మ జడ వేస్తున్నప్పుడు, అప్పగింతల్లో తండ్రి మాట పెగలనప్పుడు పెద్దది తీసుకెళ్లడం నాకు మర్యాదగా అనిపించదు. అక్కడ చిన్నది, ఒక్కడినే. అనకాపల్లి నూకాంబిక జాతరకు కొత్త అమావాస్య రోజు వెళ్లినా అంతే. ఆ జనంలో రెండో మనిషి పక్కన నిలబడే చోటే దొరకదు.

ఈ మధ్య డిగ్రీ అయిపోయిన కుర్రాడు ఒకడు వచ్చి, "అన్నా, లోన్ వస్తంది, పెద్దదే తీసేయనా? పెద్దదుంటే ఆర్డర్లు వస్తాయంటన్నారు" అని అడిగాడు. అచ్యుతాపురం కంపెనీల వీడియోలు కూడా చేయాలని వాడి ఆశ. నీతో రోజూ వచ్చే మనిషి ఎవరన్నా ఉన్నారా అని అడిగాను. లేడన్నాడు. అయితే చిన్నదే తీసుకోమన్నాను. మిగిలిన డబ్బుతో ముందు మంచి వైర్‌లెస్ మైకు జత, తర్వాత బరువు మోసే ఫ్లూయిడ్ హెడ్ ట్రైపాడ్, ఆపైన ఒక మంచి లెన్సు, దానికి వేరియబుల్ ఎన్డీ, నాలుగు బ్యాటరీలు. కంపెనీ పని దొరికిన రోజున పెద్దది అద్దెకు తెచ్చుకోవచ్చు. లెన్సులు అవే పడతాయి, కార్డులు అవే పడతాయి, బొమ్మ కలిసిపోతుంది. అద్దె ఖర్చు కొటేషన్‌లో విడిగా రాసి చూపించమన్నాను, కంపెనీవాళ్లు దానికి అభ్యంతరం చెప్పరు. పెళ్లివారు పెద్ద కెమెరా అడిగితే లోపలి సెన్సర్ కొలత చెప్పి, పాత పెళ్లి వీడియో ఒకటి, కొత్తది ఒకటి టీవీలో పెట్టి పక్కపక్కన చూపించమన్నాను. వచ్చే నెల వాడికి నక్కపల్లిలో పెళ్లి ఒకటి ఉంది. రెండో కెమెరాగా నేను వస్తానన్నాను, మండపం ఎదురుగా నిలబడటానికి.