బెండు తీసే చెయ్యి
రోజుల తరబడి సామానుతో తిరగడానికి సైకిలు కొనేవాళ్లు గేర్లు లెక్కపెడతారు. నేను ముందు వెనకచక్రం చూస్తాను. బరువులో ఎక్కువ భాగం దానిమీదే. పాలక్యాన్లు మోసిన మన పాత నల్ల సైకిళ్లకు ముందు 32 పుల్లలుంటే, వెనక 40 ఉండేవి. టూరింగ్ బండికి 36కు తగ్గితే నేను ఒప్పుకోను.

ఆ పుల్లలను బిగించే చెయ్యి మాత్రం కొంటే దొరకదు. మా వీధి మేస్త్రీ సైకిలు తిరగేసి, చక్రం తిప్పి, రిమ్ముకు ఓ పక్క సుద్దముక్క ఆనిస్తాడు. గీత పడ్డచోటే వంకర. ఆ పక్క పుల్ల కాస్త వదులు, ఎదుటి పక్కది పావుచుట్టు బిగింపు. తర్వాత ఒక్కొక్కటీ మీటి వింటాడు. ఒక పక్కవన్నీ ఒకే శ్రుతిలో పలకాలి. గేర్ల పక్కవి మాత్రం హెచ్చుశ్రుతి. బొంగురుగా మోగినదాన్ని వదలడు. ఎంత ఓపికో!

అతను బెండు తీసిన చక్రంతోనే దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కి దిగాను. ఒక్క పుల్ల తెగలేదు.