పొరపొరలో పనితనం

ఏ దేశపు దుకాణంలోనైనా కార్బన్ గాలపు కర్ర చేతికి తీసుకుంటే పిడికి కాస్త పైన ఒక పేరు మెరుస్తూ కనిపిస్తుంది. ఆ పేరు గలవాళ్లలో చాలామందికి సొంత ఫ్యాక్టరీ ఉండదు. ఇలాంటి కర్ర కావాలని కొలతలు రాసిచ్చి, పరదేశంలోని తయారీదారు చేత చేయించుకుని, తమ పేరు వేయించుకుని అమ్ముతారు. వ్యాపారంలో దీన్ని ప్రైవేట్ లేబుల్ అంటారు. స్టిక్కర్ మార్చి అమ్ముకునే బేరమని తేలిగ్గా తీసిపారేసేవాళ్లున్నారు. ఆ మాట చేయించినవాళ్లకు అన్యాయం, చేసినవాళ్లకు అంతకన్నా అన్యాయం. కార్బన్ గాలపు కర్ర చేతిపని, యంత్రం కలిసి సాధించిన చక్కని వస్తువుల్లో ఒకటి. దాని మంచిచెడులు పైన మెరిసే రంగులో ఉండవు, కంటికి ఆనని పొరల్లో ఉంటాయి. ఆ పొరలు తెలిసి అడిగేవాళ్లు, అడిగింది అడిగినట్టు చుట్టేవాళ్లు కలిసినప్పుడే పేరు నిలబెట్టే కర్ర తయారవుతుంది.

ఇలాంటి కర్రల కోసం వ్యాపారులు వెతుక్కుంటూ వెళ్లే ఊరు వెయ్‌హై. చైనాలోని షాన్‌డాంగ్ ద్వీపకల్పానికి తూర్పు కొసన, పసుపు సముద్రపు ఒడ్డున ఉంది. 1898 నుంచి 1930 వరకు బ్రిటిషువారి కౌలులో ఉన్న రేవు అది. ఇప్పుడు గాలపు సామగ్రికి పెట్టింది పేరు. గ్వాంగ్‌వెయ్ అనే సంస్థ కథ చూస్తే ఈ ఊరి స్వభావం తెలుస్తుంది. గాలపు కర్రలతో మొదలై, కర్రలకు కావలసిన కార్బన్ షీట్లు తానే చేసుకుని, ఆ తర్వాత కార్బన్ పోగు తయారీ దాకా వెళ్లింది. దాని కాంపోజిట్స్ కంపెనీ 2017లో షెన్‌జెన్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది. చేప కోసం చేసిన కర్ర ఒక పెద్ద పరిశ్రమకు దారి చూపించిందన్నమాట.

ఈ విద్యలో చైనా పాత్ర నిన్నమొన్నటిది కాదు. ఒకప్పుడు ఇంగ్లండులో, అమెరికాలో మేలురకం కర్రలు చేయాలంటే వెదురును బద్దలుగా చీల్చి, ఆరు బద్దలను చెక్కి అతికేవారు. అందుకు ఏరికోరి తెప్పించుకున్న టోంకిన్ వెదురు చైనాలోని గ్వాంగ్‌డాంగ్ కొండల్లో పెరిగేది. 1947లో షేక్‌స్పియర్ కంపెనీ, ఆర్థర్ హోవాల్డ్ రూపొందించిన ఫైబర్‌గ్లాస్ కర్రను బజారులోకి తెచ్చింది. 1950లో అమెరికా చైనా సరుకుల మీద నిషేధం పెట్టడంతో అక్కడి వెదురు పనివాళ్లకు ముడిసరుకు కరువైంది. 1960లలో బ్రిటన్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో గట్టి కార్బన్ పోగు తీసే పద్ధతి కుదిరింది. 1970లలో ఆ పోగు గాలపు కర్రల్లోకి వచ్చింది. అప్పట్లో వెదురు పంపిన దేశమే ఇప్పుడు కర్రను సిద్ధం చేసి పంపుతోంది.

పని ఒక ఉక్కు కడ్డీతో మొదలవుతుంది. దాన్ని మాండ్రెల్ అంటారు. ఒక చివర లావుగా, మరో చివర సూదంత సన్నగా సానబట్టిన కడ్డీ. కర్ర లోపలి బోలుకు రూపమిచ్చేది ఇదే. ఈ కడ్డీ ఏ చోట ఎంత త్వరగా సన్నబడుతుందో దాన్ని బట్టి, కర్ర కొస దగ్గరే వంగాలా, నడుము దాకా వంగాలా, పిడి దాకా వంగాలా అన్నది చాలావరకు తేలిపోతుంది. కొత్త కడ్డీ చేయించడం ఖర్చుతో కూడిన పని. అందుకని ప్రైవేట్ లేబుల్ వాళ్లలో చాలామంది ఫ్యాక్టరీలో ఉన్నవాటి నుంచే ఎంచుకుంటారు. అందులో నామోషీ ఏమీ లేదు. ఒకే కడ్డీ మీద మెత్తని కర్ర చుట్టవచ్చు, బిరుసైన కర్ర కూడా చుట్టవచ్చు.

చుట్టేది ప్రీప్రెగ్ అనే నల్లని షీటును. మామూలు రకం కార్బన్ పోగు మందం దాదాపు 7 మైక్రాన్లు, అంటే మన వెంట్రుకలో పదోవంతు. అలాంటి వేలాది పోగులను ఒకే దిక్కుకు పక్కపక్కన పరిచి, సగం గట్టిపడిన రెజిన్ అనే జిగురుతో కలిపి, కాగితం మీద అంటించి చుట్టలుగా ఉంచుతారు. రెజిన్ ముందే గట్టిపడకుండా ఈ చుట్టలను గడ్డకట్టే చలిలో దాస్తారు. బయటికి తీశాక, గది వేడికి వచ్చేదాకా పొట్లం విప్పకూడదు. తొందరపడి విప్పితే చల్లని షీటు మీద చెమ్మ చేరుతుంది, ఆ చెమ్మ తర్వాత కొలిమిలో బుడగలవుతుంది. మంచి ఫ్యాక్టరీని గుర్తుపట్టడానికి ఇదొక్కటి చూసినా చాలు: పొట్లం విప్పే ముందు ఆగుతున్నారా, లేదా.

ఆ తర్వాత కత్తిరింపు బల్ల. కర్ర అడుగున లావు, కొసన సన్నం కాబట్టి షీటును పొడవాటి త్రికోణపు ముక్కలుగా కోస్తారు. అడుగున ఎక్కువ చుట్లు పడతాయి, కొసకు వచ్చేసరికి తగ్గుతాయి. పోగులన్నీ కర్ర పొడవునా తిన్నగా సాగాలి. వంగినప్పుడు భారం మోసేవి అవే. కోత కొన్ని డిగ్రీలు పక్కకు జరిగినా కంటికి తేడా కనిపించదు, కర్ర బిగువు మాత్రం తగ్గుతుంది. ఎక్కువ బలం కావలసిన చోట చిన్న ముక్కలు అదనంగా వేస్తారు. రెండు భాగాల కర్రయితే అవి కలిసే అతుకు దగ్గర తప్పకుండా వేస్తారు. ఏ ముక్క, ఏ రకం పోగు, ఎక్కడి నుంచి ఎక్కడికి అని రాసిన కాగితమే కర్ర జాతకం.

కోసిన ముక్క అంచును వేడి ఇస్త్రీపెట్టెతో మాండ్రెల్‌కు అంటిస్తారు. చేతి నేర్పు అంతా ఇక్కడే ఉంది. అంచు కడ్డీ వెంట గీత గీసినట్టు పడాలి. వంకర పోతే చుట్టు మొత్తం వంకర పోతుంది. అంటించాక కడ్డీని వేడి చేసిన రెండు పలకల నడుమ పెడితే, బీడీ చుట్టే వేళ్ల కింద ఆకు బిగిసినట్టు, షీటు ఒక్క దొర్లింపులో కడ్డీకి బిగుసుకుంటుంది. దాని మీద సన్నని ప్లాస్టిక్ టేపును గట్టిగా లాగుతూ, చుట్టు మీద చుట్టు కొంచెం ఎక్కేలా చుడతారు. అప్పుడు కొలిమిలో వేలాడదీస్తారు. నూట పాతిక డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ వేడి చాలు. రెజిన్ ముందు పలచబడి పోగుల మధ్యకు పారుతుంది. టేపు ముడుచుకుంటూ లోపలి గాలిని, ఎక్కువైన రెజిన్‌ను పిండేస్తుంది. ఆ తర్వాత అంతా గట్టిపడుతుంది. చల్లారాక మాండ్రెల్‌ను యంత్రంతో లాగేస్తే బోలు గొట్టం మిగులుతుంది. ఈ గొట్టాన్నే బ్లాంక్ అంటారు.

ఈ గొట్టంలో ఒక చిక్కు ఉంది, దానికి విరుగుడు మరీ ముచ్చటగా ఉంటుంది. పలచని గొట్టాన్ని వంచితే అది ముందు నలిగి కోడిగుడ్డు ఆకారానికి దిగుతుంది, నలిగినకొద్దీ బిగువు పోతుంది. బ్రేజియర్ అనే ఇంజినీరు 1927లో దీన్ని లెక్కకట్టి చూపించాడు. గోడ మందం అదే ఉంచి గొట్టం వ్యాసం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే తేలిక కర్రలను లావుగా, పలచని గోడలతో చేయాలని అందరికీ ఆశ. కానీ గోడ పలచబడితే నలిగే గుణం పెరుగుతుంది. దీనికి విరుగుడు పొడవునా సాగే పోగుల కింద గానీ మధ్యలో గానీ అడ్డంగా చుట్టే పలచని పొర. ఆ పొర వంపు భారం మోయదు, గొట్టాన్ని గుండ్రంగా నిలబెడుతుంది. చౌకలో చేయించేవాళ్లు మొదట కోత పెట్టేది ఈ పొరకే. ఎందుకంటే దుకాణంలో ఎంత ఊపి చూసినా ఆ లోటు తెలియదు. పెద్ద చేప లాగినప్పుడే తెలుస్తుంది.

టేపు ఊడదీశాక బ్లాంక్ మీద మెలికలు తిరిగిన సన్నని గట్లు కనిపిస్తాయి. నీళ్లు పారుతుండగా సాన యంత్రంలో వాటిని నున్నగా చేస్తారు. ఎక్కువ సానపడితే పై పోగులే తెగుతాయి. గట్లను అలాగే వదిలేసి రంగు వేయకుండా అమ్మే తయారీదారులూ ఉన్నారు, ఆ గరుకు కూడా కొందరికి ఇష్టమే. షీటు అంచులు ఒకదాని మీద ఒకటి పడిన వైపు కర్ర కాస్త ఎక్కువ బిగువుగా ఉంటుంది. ఆ వైపును వెన్ను అంటారు. బ్లాంక్ అడుగును నేలకు ఆనించి, నడుమ పట్టుకుని వంచి, నెమ్మదిగా తిప్పితే ఒకచోట అది తనంతట తాను గంతు వేసినట్టు తిరిగి కుదురుకుంటుంది. గాలపు దారం సాగే కళ్లలాంటి గైడ్లను వెన్నును బట్టి కట్టాలా, కర్ర ఎటు తిన్నగా కనిపిస్తే అటు కట్టాలా అన్నది పనివాళ్ల మధ్య ఎప్పుడూ నలిగే చర్చ. ఏదో ఒకటి ఎంచుకుని ఆర్డరంతా ఒకే పద్ధతిలో కట్టడమే నాణ్యత.

ఈ గైడ్లు కట్టే బల్ల దగ్గర కాసేపు నిలబడాలి. గైడుకు లోహపు పాదం ఉంటుంది. దాని అంచును ముందే పలచగా రాచి పెడతారు, దారం మెట్టు తగలకుండా దాని మీదికి ఎక్కాలి కదా. నైలాన్ దారం కొసను దారపు చుట్లే తొక్కిపట్టేలా మొదలుపెడతారు. కర్రను తిప్పుతూ, చుట్టు పక్కన చుట్టు సందు లేకుండా పరుస్తారు. ముగింపుకు కొన్ని చుట్ల ముందు మరో దారాన్ని ఉచ్చులా మడిచి కింద పెడతారు. మిగిలిన చుట్లు దాని మీద పడ్డాక, కొసను ఆ ఉచ్చులోకి దూర్చి లాగితే అది చుట్ల కిందికి వెళ్లిపోతుంది. బయటికి వచ్చిన కొసను బ్లేడుతో కోసేస్తారు. మొత్తం కట్టులో ఒక్క ముడి లేదు. దాని మీద రెండు పాళ్లు కలిపిన ఎపాక్సీని కుంచెతో పూసి, కర్రను నెమ్మదిగా తిరిగే మోటారు మీద పెడతారు. తిప్పకపోతే పూత ఒకవైపుకు జారి గడ్డకడుతుంది. జపాన్‌కు చెందిన ఫ్యూజీ కంపెనీ 1981లో సిలికాన్ కార్బైడ్ ఉంగరాల గైడ్లను తెచ్చింది. అల్లిన గాలపు దారం రాపిడికి నాసిరకం ఉంగరాల్లో గాడి పడుతుంది, ఈ ఉంగరాలు తట్టుకుంటాయి. గైడు లోపల పాత నైలాన్ గుడ్డ ముక్క తిప్పి చూస్తే, ఎక్కడ చిన్న పగులున్నా అక్కడ చిక్కుకుంటుంది.

ఇంత పనిలో పేరు వేయించుకునేవాళ్ల వంతు ఏమిటి? మొదటిది, తెలిసి అడగడం. బజారులో 24 టన్నుల కార్బన్, 30 టన్నులు, 40 టన్నులు అని రాస్తుంటారు. అది కర్ర ఎత్తగలిగే బరువు కాదు. ఒక చదరపు మిల్లీమీటరుకు లెక్కకట్టిన పోగు బిరుసుతనం. అంకె పెరిగినకొద్దీ కర్ర తేలికగా, చురుగ్గా ఉంటుంది, దెబ్బకు చిట్లే గుణమూ పెరుగుతుంది. అందుకే మంచి కర్రల్లో రకరకాల పోగులను కలిపి వాడతారు. కాబట్టి అడగవలసింది ఒకే అంకె కాదు, ఏ పొరలో ఏ పోగు ఎంత అని. అడ్డపొర ఉందా, ఉంటే ఎక్కడి నుంచి ఎక్కడికి అని. ఆ జవాబును ఒప్పందంలోనే రాయించుకోవాలి.

రెండోది, నమూనా. అన్నీ కుదిరిన కర్రలకు ఇద్దరూ సంతకాలు చేసి సీలు వేసి చెరొకటి దాచుకుంటారు. గోల్డెన్ శాంపిల్ అంటే అదే. రేపు మాట తేడా వస్తే న్యాయం చెప్పేది ఆ కర్రే. సరుకు ఓడ ఎక్కే ముందు తనిఖీ ఉంటుంది. ఐఎస్‌ఓ 2859 పట్టికల ప్రకారం వెయ్యి కర్రల ఆర్డరుకు మామూలు స్థాయి తనిఖీలో 80 కర్రలను తీసి చూస్తారు. ఆ పట్టికల్లో ఒప్పుకున్న హద్దు 2.5 అయితే అందులో లోపాలున్నవి 5 దాకా ఉంటే సరుకు నెగ్గుతుంది, 6 ఉంటే వెనక్కి వెళ్తుంది. బ్రాండు గలవాళ్లు ఈ హద్దును ముందే చెప్పకపోతే, తర్వాత ఎంత వాదించినా ఉపయోగం ఉండదు.

మూడోది, తమ చేపను తెలుసుకోవడం. ఇక్కడ తెలుగువాళ్ల పని నిజంగా మొదలవుతుంది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను తూడు, నాచు కమ్మిన చెరువుల్లో దాక్కుంటుంది. కప్ప ఆకారపు ఎరతో దాన్ని పట్టేవాళ్లకు, చేప తల తిప్పేలోపు నాచులోంచి లాగేసే బిరుసైన నడుము గల కర్ర కావాలి. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉప్పునీటి పాయల్లో పండుగప్పకు కావలసింది వేరు. గంతులు వేసే చేప కాబట్టి కొస మెత్తగా ఉండాలి, గైడ్లకు, రీలు బిగించే చోటుకు ఉప్పుకు తుప్పు పట్టని లోహం ఉండాలి. ఈ సంగతులు షాన్‌డాంగ్‌లో కూర్చున్న పనివాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. క్యాటలాగులో ఉన్న కర్రకు పేరు మార్చడం ఒక పని. మన నీళ్లకు, మన చేపకు కర్ర చుట్టించడం మరో పని. రెండోదానికే ప్రైవేట్ లేబుల్ అన్న మాట సార్థకమవుతుంది.

చివరిది, చాలామంది వదిలేసేది, విరిగిన కర్ర. కొనుక్కున్నవాళ్లు విరిగిన కర్రను తెస్తే కొత్తది ఇచ్చి ఊరుకోకూడదు. విరిగిన చోటు కథ చెబుతుంది. గొట్టం నలిగి నిలువునా చీలితే అడ్డపొర చాలలేదేమో చూడాలి. అతుకు పక్కనే విరిగితే అదనపు ముక్క పొట్టిదైందేమో చూడాలి. ఎక్కడో దెబ్బ తగిలిన గీటు దగ్గర తెగితే అది వాడకంలో వచ్చింది. ఆ ముక్కను, ఫోటోలను ఫ్యాక్టరీకి పంపితే తర్వాతి ఆర్డరులో కత్తిరింపు బల్ల మీద ఒక ముక్క నాలుగు వేళ్లు పొడవు పెరుగుతుంది. కొన్నవాళ్లకు అది ఎప్పటికీ తెలియదు. కానీ తమ పేరు వేయించుకున్నవాళ్లకు ఆ మార్పు తెలిసి ఉండాలి, చుట్టినవాళ్లకు దాని కారణం తెలిసి ఉండాలి. ఈ రాకపోకలు సాగినన్నాళ్లూ కర్ర మీద ఉన్న పేరు ఆ ఇద్దరిదీ.