ఆ హార్ట్ కొట్టింది ఎవరు?

‘అడాలసెన్స్’ చూసినవాళ్లలో చాలామంది మాట్లాడింది ఆ కెమెరా గురించే. జాక్ థోర్న్, స్టీఫెన్ గ్రాహమ్ రాసిన ఈ బ్రిటిష్ సిరీస్ 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. 4 ఎపిసోడ్లు, ఒక్కోటీ కట్ లేని ఒకే షాట్. 13 ఏళ్ల జేమీ, తన స్కూల్లోనే చదివే కేటీని పొడిచి చంపాడన్నది కేసు. నన్ను మాత్రం రెండో ఎపిసోడ్‌లోని ఒక చిన్న సీన్ వదల్లేదు.

కేసు చూస్తున్న పోలీసు అధికారికి, అదే స్కూల్లో చదివే అతని కొడుకు ఎమోజీల అర్థం విప్పి చెప్తాడు. జేమీ ఇన్‌స్టాగ్రామ్‌లో కేటీ పెట్టినవి సరదా పలకరింపులనుకున్నాడు తండ్రి. కాదు, నీకు జన్మలో ఏ అమ్మాయీ దొరకదన్న వెక్కిరింపు. వాటికి హార్ట్‌లు కొట్టినవాళ్లంతా ఆ మాట ఒప్పుకున్నట్టే అంటాడు ఆ అబ్బాయి.

సైబర్ బుల్లీయింగ్ గురించి సిరీస్ మొత్తంలో ఇంత సూటిగా చెప్పిన చోటు ఇంకోటి లేదు. రాసేది ఒక్కరే. దానికి బలం ఇచ్చేది హార్ట్‌లు. ఒక్కరు తిడితే దులిపేసుకోవచ్చు. తెలిసినవాళ్లంతా తలూపితే ఎక్కడికి పోతాం?

కానీ సిరీస్ వాళ్ల దగ్గర ఆగదు. మూడో ఎపిసోడ్‌లో ఇంకో సంగతి బయటపడుతుంది. కేటీ ప్రైవేట్ ఫొటో అంతకుముందే ఫోన్లలో తిరిగింది. ఇలాంటప్పుడైతే తనని కాదనదనుకుని జేమీ ఆమెను అడిగాడు. కాదంది. అంటే, వెక్కిరించిన ఆ పిల్లనీ అప్పటికే నలుగురూ కలిసి నలిపేశారు. ఇంత పెద్ద విషయం మనకు తెలిసేది జేమీ నోటినుంచి. ఫార్వర్డ్ చేసినవాళ్ల కథ ఎక్కడా లేదు. చంపినవాడే అందరికీ గుర్తుంటాడు, చనిపోయినమ్మాయి కాదని ఒక పోలీసావిడ బాధపడుతుంది. అంటే ఈ లోపం సిరీస్‌కీ తెలుసు. తెలిసినంత మాత్రాన పోదు కదా.

ఇంత పట్టుబట్టడానికి నాకో కారణం ఉంది. ఇంజినీరింగ్ సెకండియర్‌లో, సెమినార్ ఇస్తూ తడబడిన ఒకమ్మాయి ఫొటోని మా క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఎవరో స్టిక్కర్ చేశారు. నేను తీయలేదు, చేయలేదు. ఒక నవ్వు ఎమోజీ పెట్టానంతే. ఆమె కూడా గ్రూపులోనే ఉంది. రాత్రికి నా మెసేజ్‌కి బ్లూ టిక్కులు పడ్డాయి, అంటే ఆమే చూసింది. ఆ తర్వాత ఫైనలియర్ దాకా ఆమె ఇంకో సెమినార్ ఇవ్వలేదు, మార్కులు పోయినా సరే.

చివరి ఎపిసోడ్‌లో జేమీ అమ్మానాన్నలు మనం ఎక్కడ తప్పు చేశామని కుమిలిపోతారు. నేనూ ఏడ్చాను. కానీ ఆ ప్రశ్న వేసుకోవాల్సిన ఇళ్లు ఆ ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి. కెమెరా వాటిలో ఒక్కదాని తలుపు తట్టినా, నేను అంత హాయిగా ఏడ్చేవాణ్ణి కాదు.