అడ్డుమాటల కుర్చీ

అమెరికాలో 1950 నుంచి 1967 దాకా సీబీఎస్ టీవీలో వచ్చిన ‘వాట్స్ మై లైన్?’ ఆటలో, ఎదుట కూర్చున్న మనిషి వృత్తేమిటో నలుగురు పృచ్ఛకులు అవును, కాదు అనే జవాబులతోనే పట్టుకోవాలి. ప్రతి ‘కాదు’కూ అతిథికి 5 డాలర్లు. పది ‘కాదు’లు పడితే గెలుపు అతనిదే. పేరుమోసినవాళ్లు వస్తే పృచ్ఛకుల కళ్లకు గంతలు కట్టేవారు. 1957లో చిత్రకారుడు సాల్వడోర్ డాలీ వచ్చి దాదాపు అన్నిటికీ ‘అవును’ అంటూ పోయాడు. కాదంటే ఒక దారి మూసుకుంటుంది, అన్నీ అవునంటే ఏదీ మూసుకోదు. నిర్వాహకుడు జాన్ డేలీ కలగజేసుకుని సర్దాల్సి వచ్చింది. ఇలాంటి అతిథి నవ్వించడానికే వస్తాడనుకుంటాం గాని, ఆట పద్ధతి ఎంత గట్టిదో తేల్చేది అతనే. మన అష్టావధానంలో ఆ పని అప్రస్తుత ప్రసంగిది.

అక్కడ అడిగేవారు ఎనిమిదిమంది, చెప్పేవారు ఒక్కరు. నిషిద్ధాక్షరిలో అవధాని ‘రా’ అన్నారనుకోండి, పృచ్ఛకుడు ‘మ వద్దు’ అంటాడు. ఆయన ‘జ’ వేస్తారు. ఇక రాబోయేది రాజకుమారుడా, రాజన్యుడా, రాజితుడా? ఏ దారి మూయాలో పృచ్ఛకుడు తేల్చుకునేలోగా అప్రస్తుత ప్రసంగి అందుకుంటాడు: “అవధానిగారూ, మదురై మాట్టుతావణి బస్టాండులో దిగినవాడు ముందు మీనాక్షమ్మను చూడాలా, చల్లటి జిగర్తండా తాగాలా?” “అమ్మను చూస్తేనే గుండె చల్లబడుతుంది, గ్లాసు మీరు తీసుకోండి” అని, ఆ నవ్వు ఆగకముందే అవధాని ‘రాజ’ దగ్గరికి తిరిగి రావాలి. అసలు పరీక్ష ఆ తిరిగి రావడమే.

ఇది పద్యం పరువు తీసే వేళాకోళమని పండితుల్లో కొందరి చిరాకు. మొరటు ప్రశ్నల విషయంలో ఆ చిరాకు న్యాయమే. కానీ చెదరగొట్టేవాడే లేకపోతే ధారణకు విలువెక్కడిది? ఇక ప్రశ్నలు ముందే చెప్పుకుని వస్తారన్న అనుమానం. ‘ట్వెంటీ వన్’ క్విజ్‌లో తనకు జవాబులు ముందే అందాయని చార్లెస్ వాన్ డోరెన్ 1959లో అమెరికా కాంగ్రెస్ ఎదుట ఒప్పుకున్నాడు కదా! ఇచ్చిన పాదాన్ని పూరించే సమస్య, ఇచ్చిన మాటలతో పద్యం చెప్పే దత్తపది విషయంలో అది జరగదని నేను పూచీపడను. అక్షరం అక్షరానికీ మారే నిషేధాన్ని మాత్రం ఇద్దరూ కంఠస్థం చేసి రావడం కష్టం.

తమిళనాటా ఈ విద్య ఉంది. 1907లో మద్రాసు విక్టోరియా హాలులో చెయ్గుత్తంబి పావలర్ శతావధానం చేశారు. అదే నేలమీద మదురై, కోయంబత్తూరు తెలుగిళ్లలో మాట తెలుగు, బడి తమిళం. తెలుగు లిపి రానివారే ఎక్కువ. సమస్యాపూరణానికి ఛందస్సు కావాలి, అడ్డుమాటకు నోరుంటే చాలు. అవధాన సభలు పెట్టేవారికి నా మనవి: ఈసారి అప్రస్తుత ప్రసంగి కుర్చీలో ఒక మదురై తెలుగావిడను కూర్చోబెట్టండి. తమిళం కలిసిన ఆ ఇంటి తెలుగుకు అవధాని ఏ జవాబు వెతుక్కుంటారో చూద్దాం.